ఆరు నెలలు రానీ అంటారు, వినకండి

కుక్కపిల్లని తెచ్చుకున్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒక పెద్దమనిషి ఈ మాట అంటారు. "ఇప్పుడే ఏం తొందర? చిన్నది కదా. ఆరు నెలలు రానీ, అప్పుడు ట్రైనింగ్ ఇప్పిద్దాం." మా ఇంట్లో ఆ మాట అన్నది మా మామగారు. చిత్తూరు దగ్గర పల్లెలో ఆవులు, దూడల మధ్య పెరిగిన మనిషి. దూడకి ముక్కుతాడు ఎప్పుడు పొడవాలో ఆయనకి బాగా తెలుసు, కుక్కకీ అదే లెక్క అనుకున్నారు.

ఆయన చెప్పింది పూర్తిగా తప్పని కూడా అనను. కూర్చో, ఆగు, షేక్ హ్యాండ్ ఇవ్వు, ఇలాంటివి ఆరు నెలలకి నేర్పినా వస్తాయి, ఆరేళ్ళకి నేర్పినా వస్తాయి. కొత్త మనిషిని చూసినా, ఆటో హారన్ విన్నా, గొడుగు తెరిచినా బెదరకుండా ఉండటం మాత్రం అలా ఎప్పుడు పడితే అప్పుడు రాదు. దానికి ఒక టైం అంటూ ఉంది. పుట్టిన 3వ వారంలో మొదలై 12, మహా అయితే 14 వారాలకి అయిపోతుంది. ఆరు నెలలు ఆగేసరికి ఆ టైం దాటిపోయి దాదాపు మూడు నెలలవుతుంది. ట్రైనింగ్ గురించి అడిగిన వాళ్ళందరికీ నేను ముందు ఈ సంగతే చెప్తున్నాను. నేర్పడం వేరు, అలవాటు చేయడం వేరు. మొదటిది లేటైనా ఫర్వాలేదు.

నేనేమీ డాక్టర్ని కాదు, తిరుపతిలో లేడీస్ టైలర్ని. ఇంటి ముందు గదే షాపు. తెలిసినవాళ్ళ పెరట్లో ఒక వీధికుక్క ఈనితే అందులో ఒక పిల్లని ఏప్రిల్ చివర్లో తెచ్చుకున్నాం, అప్పటికి దానికి 8 వారాలు. రంగు చూసి మా అత్తమ్మ రాగి అని పేరు పెట్టింది. మా అక్క కూతురు ఇక్కడి వెటర్నరీ కాలేజీలో చదువుతోంది. 1955 నుంచి ఉన్న కాలేజీ, మా ఊళ్ళో చాలామందికి అది ఉందన్న సంగతే కుక్కకి జబ్బు చేసినప్పుడు గుర్తొస్తుంది. నాకు తెలిసిన శాస్త్రమంతా ఆ పిల్ల చెప్పిందే, మిగతాది రాగిని చూసి నేను తెలుసుకున్నది.

ఈ వారాల లెక్క ఎక్కడిదని మా అక్క కూతుర్ని నేనూ అడిగాను. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో, బార్ హార్బర్ అనే ఊళ్ళో, స్కాట్, ఫుల్లర్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని పెంచి చూశారట. 1965లో పుస్తకం వేశారు. దానికంటే ముందు, 1961లో అచ్చయిన ఒక ప్రయోగం గురించి చెప్పింది, అది వింటే మాత్రం నాకు కడుపులో దేవినట్టయింది. ఎత్తైన కంచె కట్టి లోపల తల్లుల్నీ పిల్లల్నీ వదిలారు. తిండి, నీళ్ళు కంచె కన్నంలోంచే, మనిషి మొహం కనిపించకుండా. కొన్ని పిల్లల్ని 2 వారాలకి, కొన్నిటిని 3కి, 5కి, 7కి, 9కి అలా బయటికి తీసి, ఒక వారం పాటు మనుషుల దగ్గర ఉంచి, మళ్ళీ లోపల వదిలారు. కొన్నిటిని 14 వారాల దాకా అసలు తియ్యనేలేదు. చివర్లో చూస్తే, మధ్యలో బయటికి వచ్చిన పిల్లలు మనుషుల దగ్గరికి వచ్చాయి. 14 వారాల దాకా మనిషినే చూడనివి అడవి జంతువుల్లా తయారయ్యాయి. తర్వాత ఎంత బుజ్జగించినా పెద్దగా మారలేదు. ఇంట్లో పుట్టిన పిల్ల కూడా కుక్కే, కంచెలో పుట్టిన పిల్ల కూడా కుక్కే. తేడా అంతా ఆ కొన్ని వారాల్లోనే ఉంది.

ఇక్కడ అందరికీ వచ్చే టెన్షన్ ఒకటే, టీకాలు. మొదటి ఇంజెక్షన్ 6 నుంచి 8 వారాల మధ్య వేస్తారు. తర్వాత మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ 16 వారాలు వచ్చేదాకా సాగదీస్తారు. ఒక్కసారికే ఎందుకు అయిపోదంటే, తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో కొన్నాళ్ళు ఉంటుంది, అది టీకాని పనిచేయనివ్వదు. ఏ పిల్లలో అది ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేరు, అందుకే మళ్ళీ మళ్ళీ వేస్తారు. రేబీస్‌ది 3 నెలలకి. ఈలోపల పార్వో అనే వైరస్ జబ్బు వస్తే పిల్ల దక్కడం కష్టం. వాంతులు, రక్త విరేచనాలు, రెండు మూడు రోజుల్లో పోయిన పిల్లలు మా వీధిలోనే ఉన్నాయి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మనం నేల తుడిచే మామూలు ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగ్‌కి చస్తుంది.

కాబట్టి చాలామంది డాక్టర్లు "టీకాలన్నీ అయ్యేదాకా బయటికి తీసుకెళ్ళొద్దు" అంటారు. వాళ్ళ భయం వాళ్ళది, తప్పు కాదు. కానీ టీకాలు 16 వారాలకి అవుతాయి, అలవాటు చేసే టైం 14కే ముగిసిపోతుంది. మరి రెండూ ఎలా కుదరాలి? అమెరికాలో జంతువుల ప్రవర్తన మీద పనిచేసే వెటర్నరీ డాక్టర్ల సంఘం ఒకటి 2008లో దీని మీదే గట్టిగా మాట్లాడింది. మొదటి టీకా, నట్టల మందు పడి వారం దాటితే 7, 8 వారాల పిల్లల్ని కూడా శుభ్రమైన చోట, ఆరోగ్యంగా ఉన్న కుక్కలతో కలపడం మొదలుపెట్టవచ్చని చెప్పింది. మూడేళ్ళ లోపు కుక్కల చావుకి అంటురోగాలకన్నా ప్రవర్తన సమస్యలే పెద్ద కారణమని కూడా ఆ కాగితంలో ఉంది. అక్కడ భరించలేక ఇంజెక్షన్ వేయించి చంపేస్తారు. ఇక్కడ రేణిగుంట రోడ్డు మీద దింపేసి వచ్చేస్తారు.

నా పద్ధతి మాత్రం తేలిక. రాగి కాలు వీధి నేలకి తగలకూడదు, కళ్ళకీ చెవులకీ ముక్కుకీ మాత్రం ఊరంతా తగలాలి. ఎత్తుకుని తిప్పాను. పాత దుపట్టాతో జోలె కుట్టి మెడలో వేసుకుని, ఎండ తగ్గాక అలా ఒక రౌండ్. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ తెలిసిందే కదా, తర్వాత నడిపించేటప్పుడైనా తారు రోడ్డు మీద అరచేతి వెనక భాగం కాసేపు ఆనించి చూడండి, మీకు కాలితే దాని పాదానికీ కాలుతుంది. ఆర్టీసీ బస్టాండు దగ్గర పది నిమిషాలు ఒక పక్కగా నిలబడటం, కూరగాయల బండి, చెరుకు రసం మిషను, గోవిందా గోవిందా అంటూ పోయే గుంపులు. చూస్తున్న ప్రతిసారీ నోట్లో ఉడికించిన చికెన్ ముక్క, చిటికెన వేలి గోరంత. శబ్దం వచ్చింది, ముక్క వచ్చింది. కొన్నాళ్ళకి బస్సు హారన్ కొడితే నా చేతివైపు చూడటం మొదలుపెట్టింది.

ఈ విషయంలో తిరుపతి అంత మంచి ఊరు ఇంకోటి లేదని నా నమ్మకం. వేరే ఊళ్ళో కుక్కపిల్లకి గుండు చేయించుకున్న మనిషి ఎప్పుడో ఒకసారి కనిపిస్తాడు, వాడిని చూసి అది మొరుగుతుంది. ఇక్కడ కుటుంబం కుటుంబమంతా, అమ్మ, నాన్న, చంకలో పసిపాపతో సహా గుండ్లతో, గుండ్ల మీద గంధంతో ఎదురవుతారు. పెద్ద నామాలు, పసుపు బట్టలు, దీక్షలో ఉన్నవాళ్ళ నల్ల బట్టలు, గడ్డాలు. వీటన్నిటినీ రాగి మూడు నెలల లోపే చూసేసింది. ఇక నా షాపుకి వచ్చేవాళ్ళు ఉండనే ఉన్నారు. బురఖాలో వచ్చేవాళ్ళు, హెల్మెట్ తీయకుండానే లోపలికి వచ్చే కాలేజీ పిల్లలు, చేతికర్రతో వచ్చే అవ్వ, ఆది జాకెట్ కవర్‌లో పెట్టి గరగరలాడిస్తూ వచ్చేవాళ్ళు. హెల్మెట్‌తో ఉన్న అమ్మాయిని మొదటిసారి చూసి కటింగ్ టేబుల్ కిందికి దూరింది. లాగలేదు, "ఏం కాదు రా" అని ఎత్తుకుని దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఆ అమ్మాయినే కింద కూర్చోమని, హెల్మెట్ పక్కన పెట్టి, దాని చుట్టూ ముక్కలు వేయమన్నాను. మొహం చూడకుండా ఉండమన్నాను. కాసేపటికి రాగి మెడ ముందుకి చాపి, వెనక కాళ్ళు మాత్రం పారిపోవడానికి రెడీగా టేబుల్ కిందే ఉంచి, ఒక ముక్క తీసుకుంది. ఆ భంగిమ చూడాలి. సగం కుక్క వస్తోంది, సగం పోతోంది. చివరికి హెల్మెట్‌లోనే తల పెట్టి వెతికింది.

బలవంతం పెట్టకపోవడమే ఇందులో అసలు పని. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. అలవాటు చేయాలి కదా అని పిల్లని పదిమంది చేతుల్లోకి మార్చడం, ఏడుస్తున్నా టపాకాయల దగ్గరికి తీసుకెళ్ళడం. 8 నుంచి 10, 11 వారాల మధ్య పిల్లలు త్వరగా జడుసుకుంటాయి, అప్పుడు తగిలిన దెబ్బ లాంటి భయం చాలా కాలం ఉండిపోతుంది. తోక కాళ్ళ మధ్యకి పోయిందా, నిద్ర రాకుండానే ఆవులిస్తోందా, తిండి లేకుండానే మూతి నాక్కుంటోందా, చెవులు వెనక్కి పోయాయా చూసుకోండి. ఇష్టమైన ముక్క ఇచ్చినా తినలేదంటే అది చాలా ఎక్కువైపోయిందని అర్థం. దూరం జరగండి.

మాకు సరిగ్గా ఆ వయసులోనే గంగమ్మ జాతర వచ్చింది. మే నెల, రాగికి పది వారాలు. తాతయ్యగుంట గుడికి పోయేవాళ్ళు మా సందు మీదుగానే పోతారు. డప్పులు, ఈలలు, వేపాకు. ఒంటినిండా తెల్లగా నామకొమ్ము పూసుకుని బైరాగి వేషం, మర్నాడు కుంకుమతో ఎర్రగా బండ వేషం, ఆ తర్వాత బొగ్గుపొడితో నల్లగా తోటి వేషం. మనిషన్నవాడు ఎన్ని రకాలుగా కనిపించగలడో అన్ని రకాలూ వారం రోజుల్లో మా గుమ్మం ముందు నుంచే పోతాయి. మా అబ్బాయి దాన్ని కిందికి తీసుకెళ్తానని పట్టుబట్టాడు. ఒప్పుకోలేదు. మేడ మీద గోడకి ఆనుకుని, వీధికి దూరంగా, ఒడిలో పెట్టుకుని చూపించాను. డప్పులు మరీ దగ్గరికొస్తే లోపలికి, దూరమైతే మళ్ళీ బయటికి. మూడో రోజుకి డప్పు వినపడితే తనే మెట్లవైపు పరిగెత్తింది. తోటి వేషం కట్టిన మా పక్కింటి కుర్రాడు, "అక్కా, నన్ను చూసి అరవలేదే ఇది!" అని బాధపడ్డాడు.

ముక్కల గురించి చెప్పాను కాబట్టి ఒక హెచ్చరిక. లడ్డూ పెట్టకండి. కొండకి పోయొచ్చిన ప్రతి కస్టమరూ ప్రసాదం ఇస్తారు, పక్కన తోక ఊపుతూ కుక్కపిల్ల ఉంటే దానికీ ఒక చిటికెడు వేయబోతారు. శ్రీవారి లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీల్ని పాడు చేస్తాయి, కొన్నిటికి కొంచెమే చాలు. మా అత్తమ్మకి ఇది నచ్చలేదు. "ప్రసాదం వద్దనకూడదు మ్మా, తప్పు" అంది. కళ్ళకద్దుకుని దాని వంతు కూడా మనమే తిందాం అని చెప్తే సరే అంది, ఆమెకి షుగర్ ఉన్న సంగతి ఆ క్షణంలో ఇద్దరం మర్చిపోయాం. నాలాంటి టైలర్లు ఎవరైనా చదువుతుంటే దారం గురించి కూడా చెప్పాలి. గుండుసూదులు అందరూ జాగ్రత్తగానే ఏరతారు, నేను అయస్కాంతం కట్టిన కర్రతో రాత్రి షాపంతా ఒకసారి తిప్పుతాను. దారాన్ని పట్టించుకోరు. పొడుగు దారం మింగితే పేగుల్ని ముడతలు పడేలా లాగి కోసేస్తుంది, ఆపరేషన్ దాకా పోతుంది.

ఇంకో సంగతి. చిత్తూరులో మా ఆడపడుచు వాళ్ళకి ఒక జర్మన్ షెపర్డ్ ఉంది. మంచి జాతి, మంచి ధర. ఒక ట్రైనర్ ఆరు నెలల తర్వాతే వస్తానన్నాడట, అప్పటిదాకా మేడ మీద రూమ్‌లో పెరిగింది. ఇంట్లో వాళ్ళు తప్ప మనిషి తెలియదు. ట్రైనింగ్ బాగానే ఇచ్చాడు, చూపుడు వేలు కిందికి చూపిస్తే చాలు పడుకుంటుంది. గేటు బయట ఆటో ఆగితే మాత్రం గజగజ వణుకుతుంది, గ్యాస్ సిలిండర్ తెచ్చే అతని మీదికి పోతుంది. అందరూ దానికి కోపం ఎక్కువ అనుకుంటారు. దగ్గర నుంచి చూస్తే ఆ అరుపంతా భయమే. అలాంటి కుక్కకి ఇక దారి లేదని కాదు. దూరం నుంచి, రోజూ కాస్త కాస్త, ముక్కలతో, నెలల తరబడి చేస్తే తగ్గుతుంది. కానీ ఎనిమిది వారాల పిల్లకి సాయంత్రం పది నిమిషాల్లో అయ్యే పని అది. పెద్దదయ్యాక ఏడాది పడుతుంది, అయినా పూర్తిగా పోతుందన్న గ్యారంటీ లేదు.

ఇక మామూలు ట్రైనింగ్. దీనికీ ఆరు నెలలు ఆగనక్కర్లేదు, ఇంటికి వచ్చిన రోజు నుంచే అది ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటుంది, మనం నేర్పినా నేర్పకపోయినా. మొదట పేరు. పేరు పిలిచి, తిరిగి చూసిన మరుక్షణం ముక్క. తిట్టడానికి మాత్రం ఎప్పుడూ ఆ పేరు వాడకండి, పిలిస్తే రావడం మానేస్తుంది. ఒకసారికి రెండు మూడు నిమిషాలు చాలు, అంతకంటే ఎక్కువసేపు చిన్నపిల్ల మనసు పెట్టదు. నేను ఒక జాకెట్‌కి హుక్స్ కుట్టడం అయ్యాక లేచి రెండు నిమిషాలు, ఫాల్ వేయడం అయ్యాక రెండు నిమిషాలు అలా చేశాను. బహుమతి ఆ పని చేసిన వెంటనే పడాలి. లోపలికి పోయి డబ్బా వెతికి తెచ్చేలోపు అది ఇంకేదో చేసి ఉంటుంది, మీరు దానికి బహుమతి ఇచ్చినట్టవుతుంది.

ఉచ్చ సంగతి అందరూ అడుగుతారు. ఎన్ని నెలలైతే దానికి ఒకటి కలిపి అన్ని గంటలు ఆపుకోగలదని ఒక అంచనా. రెండు నెలల పిల్ల మూడు గంటలు, అదీ పగలు ఆడుకుంటున్నప్పుడు అంత కూడా ఆగదు. నిద్ర లేవగానే, తినగానే, ఆట ఆగగానే బయటికి. అర్ధరాత్రి ఒకసారి లేవక తప్పదు. యూనివర్సిటీ వైపు, అలిపిరి వైపు ఇళ్ళున్న వాళ్ళు రాత్రిపూట పిల్లని బయట ఒంటరిగా వదలొద్దు, కట్టేయొద్దు. చిరుతలు కొండ దిగి వస్తున్న సంగతి మీకు నేను చెప్పాలా? ఇంట్లో పోస్తే ముక్కు రుద్దడం, కొట్టడం వల్ల అది నేర్చుకునేది ఒకటే, మీ ఎదురుగా పోయకూడదని. ఈసారి మంచం కింద పోస్తుంది.

కొరకడం కూడా అంతే. పాలపళ్ళు 28, సూదుల్లా ఉంటాయి. నాలుగో నెలకి అటూ ఇటూగా ఊడటం మొదలై ఆరు నెలలకల్లా 42 గట్టి పళ్ళు వస్తాయి. పాలపళ్ళు ఉన్నప్పుడే నోటి బలం ఎంత వాడాలో తెలియాలి. గట్టిగా పట్టిందా, ఆట ఆపేసి లేచి వెళ్ళిపోవడమే. ఇది మనకంటే బాగా తోడబుట్టినవి నేర్పుతాయి, అందుకే 8 వారాల కంటే ముందు తల్లి దగ్గర నుంచి వేరు చేయకూడదు. మన దేశంలో కుక్కల అమ్మకాల మీద 2017లో వచ్చిన రూల్స్ కూడా 8 వారాల లోపు పిల్లని అమ్మకూడదనే అంటున్నాయి. దొరుకుతున్నది మాత్రం నెల పిల్లలే, మీరూ చూసే ఉంటారు.

ఇప్పుడు రాగికి ఎనిమిది నెలలు. నా మాట వినడం మానేసింది. కూర్చో అంటే వేరేవైపు చూస్తుంది, అదే షాపుకి వచ్చిన ఎవరో అంటే టక్కున కూర్చుంటుంది. మా అక్క కూతురు నవ్వి, "చిన్నమ్మా, దీని మీద కూడా స్టడీ ఉంది" అంది. 2020లో ఇంగ్లండ్ వాళ్ళు చూశారట, 8 నెలల వయసులో కుక్కలు పెంచినవాళ్ళ మాట తక్కువ వింటాయి, కొత్తవాళ్ళ మాట మామూలుగానే వింటాయి, ఏడాది అయ్యేసరికి మళ్ళీ దారిలోకి వస్తాయి. ఇంట్లో ఇంటర్ చదివే కొడుకు ఉన్నాడు కాబట్టి నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. చాలా కుక్కల్ని ఈ వయసులోనే వదిలించుకుంటారు, ట్రైనర్‌ని పిలిచేదీ ఈ వయసులోనే. కాస్త ఓపిక పడితే సరిపోతుంది.

మొన్న మంగళం ఏరియా నుంచి వచ్చే కస్టమర్ ఒకామె ఫోన్‌లో ఫోటో చూపించింది. ఐదు వారాల పిల్ల, తెల్లది, చెవి మీద నల్ల మచ్చ. "ఇప్పుడే తీసుకోకపోతే వేరే వాళ్ళు పట్టుకుపోతారంట అక్కా, తెచ్చేసుకుందునా?" అని అడిగింది. అడ్వాన్స్ ఇచ్చి అక్కడే ఉంచమన్నాను. రోజు మార్చి రోజు తన పిల్లల్ని వెంట తీసుకుని పోయి, కుక్కపిల్లని దాని తల్లి ఎదురుగానే కాసేపు ఒళ్ళో పెట్టుకోమన్నాను, చెవులు, గోళ్ళు, నోరు ముట్టుకుంటూ ఉండమన్నాను, రేపు డాక్టర్ ముట్టుకున్నా ఊరుకుంటుంది. నట్టల మందు, మొదటి ఇంజెక్షన్ ఎప్పుడు వేయిస్తారో అడిగి రాసుకోమన్నాను. అన్నీ విని, "మరి ట్రైనర్‌ని ఎప్పుడు పిలవాలి?" అంది. ఆమె వాళ్ళాయన ఆరు నెలలు రానీ అన్నాడట.